ఎదురు మాట్లాడే టీము

మొన్న హన్మకొండలో జిల్లా సైన్స్ ఫెయిర్‌లో నేను మళ్లీ గొడవ పెట్టుకున్నాను. మళ్లీ అని ఎందుకంటున్నానంటే, నన్ను జడ్జిగా పిలిచిన ప్రతిసారీ ఇదే తంతు. ఇంటికి రాగానే మా ఆయన అన్నం వడ్డించుకుంటూ "ఈసారి ఎవరితో?" అని అడుగుతాడు. ఏదో కూర ఏంటని అడిగినట్టు అడుగుతాడు. దాంతో నాకు ఇంకా ఒళ్లు మండుతుంది.

ఈసారి గొడవ ఒక నీళ్లు శుద్ధి చేసే మోడల్ దగ్గర. బజార్లో రెడీమేడ్‌గా దొరికేదే. దానికి మెరుపు కాగితం అంటించి బల్ల మీద పెట్టారు. ముగ్గురు పిల్లలు టైలు కట్టుకుని వరసగా నిలబడ్డారు. ఒకడు మొదలుపెట్టాడు, పక్కన అమ్మాయి అందుకుంది, మూడోవాడు ముగించాడు. ఎక్కడ ఊపిరి పీల్చాలో కూడా నేర్పించినట్టున్నారు. అంతా విన్నాక నేను అడిగింది ఒక్కటే.

"మీలో ఎదురు మాట్లాడేది ఎవరు?"

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెనక నిలబడ్డ వాళ్ల టీచరమ్మ గబగబా ముందుకొచ్చి, మా పిల్లలు చాలా డిసిప్లిన్ మేడం, ఎదురు మాట్లాడరు అంది. నేను పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాను. అలాగైతే వీళ్లకు మార్కులు వేయలేనని చెప్పాను. నాతో పాటు వచ్చిన ఇంకో జడ్జి, పెద్దమనిషే, నన్ను పక్కకు తీసుకుపోయి కోప్పడ్డాడు. సైన్స్ ఫెయిర్‌లో ఇట్లాంటి ప్రశ్న అడగాలని మీకు ఎవరు చెప్పారు అన్నాడు.

ఎవరు చెప్పారు! ఆ మాట వినగానే, అంతవరకూ యుద్ధానికి సిద్ధంగా ఉన్నదాన్ని కాస్తా ఒక మూల ప్లాస్టిక్ కుర్చీలో కూలబడ్డాను. మా సార్ ఈ వానాకాలమే పోయాడు.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే, ఎక్కడున్నా "నా పేరు పెట్టుమని ఎవలు చెప్పిండ్రు?" అంటాడు. ఆ మాట ఆయనకు ఊపిరి లాంటిది. కాశిబుగ్గలో మా హైస్కూలుకు ఆయన రోజూ నెక్కొండ నుంచి ప్యాసింజర్ బండిలో వచ్చేవాడు. ఆ బండిలో ఆయన్ని ఎరిగిన ఉద్యోగులు ఆయన ఏ పెట్టె ఎక్కుతున్నాడో చూసుకుని పక్క పెట్టె ఎక్కేవాళ్లట. కిటికీ దగ్గర కూర్చున్న మనిషి ఊసుపోక ఈ ఏడు వానలు మంచిగ పడ్తయట అన్నాడంటే అయిపోయినట్టే. ఎవలు చెప్పిండ్రు? అందరు అంటాండ్రు సారూ. అందరంటే ఎవలు, జర పేర్లు చెప్పు. ఇట్లా వరంగల్ వచ్చేదాకా వదిలేవాడు కాదు. కేసముద్రం నుంచి వచ్చే పత్తి వ్యాపారి ఒకాయన ఉండేవాడట. బండి నెక్కొండలో ఆగబోతుండగానే తువ్వాలు మొహం మీద కప్పుకుని పడుకునేవాడట. మా సార్ సరిగ్గా ఆయన ఎదుటి సీట్లోనే కూర్చుని, తువ్వాలు తీసేదాకా ఓపిగ్గా కాచుకుని, తీయగానే నిన్నటి ప్రశ్న అందుకునేవాడట. ఇదంతా ఆయనే మాకు చెప్పాడు, ఆ వ్యాపారికి నిద్ర జబ్బు ఉందేమోనన్న అనుమానంతో.

కూర్చోవడం ఆయనకు చేతకాదు. క్లాసులో కుర్చీ ఉండేది గానీ దాని మీద పుస్తకాలే కూర్చునేవి. కిటికీ నుంచి తలుపు దాకా, తలుపు నుంచి బోర్డు దాకా తిరుగుతూనే ఉండేవాడు. చాయ్ తెప్పించుకునేవాడు, రెండు గుక్కలు తాగేవాడు, ఏదో గుర్తొచ్చి గ్లాసు కిటికీలో పెట్టి మర్చిపోయేవాడు. సాయంత్రానికి కిటికీ నిండా సగం తాగిన గ్లాసులు. హోటలాయన వచ్చి గొణుక్కుంటూ ఏరుకుపోయేవాడు. ఇంకొకటి, చేతి గడియారం. కీ ఇచ్చే పాతకాలం గడియారం. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగి దానికి కీ తిప్పుకునేవాడు. ఆయన కీ తిప్పుతున్నాడంటే బుర్రలో ఏదో తిరుగుతోందని మాకు తెలిసిపోయేది. దాని టిక్ టిక్ ఎంత గట్టిదంటే, క్లాసు నిశ్శబ్దంగా ఉంటే నాలుగో బెంచీకి కూడా వినపడేది.

ఊళ్లో ఏ స్కూల్లో చూసినా సైన్స్ టీము వేరు, డిబేట్ టీము వేరు. మా సార్‌కు ఒకటే టీము. "చేసి చూడకుండ వాదిస్తే అది సొద. వాదించకుండ చేస్తే అది వంట" అనేవాడు. టీములో ముగ్గురు. చేతులతో చేసేది శ్రీలత. నోటితో చెప్పేది రమేశ్. మూడోదాన్ని నేను. నా పని, మా వాళ్లు చెప్పినదాంట్లో తప్పులు పట్టడం. ఆ పని నాకు ఎట్లా వచ్చిందంటే, తొమ్మిదో తరగతిలో కాంతి సూటిగా పోతుందని ఆయన చెప్తుంటే నేను లేచి, మరి తలుపు వెనక మూలకు వెలుతురు ఎట్లా వస్తోంది సార్ అని అడిగాను. ఆయన నడక ఆగిపోయింది. ఆయన నడక ఆగడం మేము మొదటిసారి చూసింది అప్పుడే. గడియారానికి కీ ఇచ్చుకుని, "నువ్వు సాయంత్రం ఉండు" అన్నాడు. దెబ్బలు పడతాయనుకుని భయపడుతూ ఉన్నాను. టీములో చేర్చుకున్నాడు.

మూడో మనిషి స్కూల్లో తప్పులు పడితే సరిపోదు, పోటీలో జడ్జీల ముందు కూడా పట్టాలి. అదీ ఆయన పెట్టిన రూలు. శ్రీలత చేసి చూపించాక, రమేశ్ చెప్పాక, నేను ముందుకొచ్చి "ఇప్పటిదాకా మా వాళ్లు చెప్పినదాంట్లో ఉన్న లోపాలు ఇవి" అని మొదలుపెట్టేదాన్ని. జడ్జీలు బిత్తరపోయేవారు. ఒకసారి ఒక పెద్దాయన మేము ముగ్గురం కొట్లాడుకున్నామనుకుని, పక్కకు పిలిచి, స్నేహితులు ఇట్లా ఉండొద్దని బుద్ధి చెప్పి చేతులు కలిపించి పంపాడు. డిబేట్‌లో ఇంకా ఘోరం. సెల్‌ఫోన్ విద్యార్థులకు మేలా కీడా అని పోటీ. మాది మేలు పక్షం. నా వంతు వచ్చేసరికి ఎదుటి స్కూలు వాళ్లను వదిలేసి, మా రమేశ్ చెప్పిన రెండో పాయింటుకు ఆధారం లేదు, దాన్ని వెనక్కి తీసుకుంటున్నాం అన్నాను. ఎదుటి స్కూలు వాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఓడిపోయాం. రమేశ్ నాతో వారం మాట్లాడలేదు. సార్ మాత్రం స్టేషన్ దగ్గర మాకు మిర్చిబజ్జీలు ఇప్పించి, మా చుట్టూ తిరుగుతూ, "ఓడినం. మంచిగ ఓడినం" అని మురిసిపోయాడు. హెడ్‌మాస్టర్ గదిలో కప్పులు పెట్టే అద్దాల బీరువా ఉండేది. దాంట్లో పాత ప్రశ్నాపత్రాలు పెట్టుకునేవారు.

ఎంత తిక్కమనిషో చెప్పాను గదా. ఇక అసలు సంగతి చెప్తాను. ఇది చెప్పాలనే కూర్చున్నాను, ఇందాకటి నుంచి పక్కదార్లు పడుతున్నాను.

నేను పదో తరగతిలో ఉండగా జ్వరం వచ్చి నాలుగు రోజులు బడికి పోలేదు. సార్ మా వాడకట్టుకు వెతుక్కుంటూ వచ్చాడు. మాది మగ్గాల వాడ. గుమ్మంలో నిలబడి అటూ ఇటూ చూసి, "ఏందే, మీ వాడల అందరు కొట్లాడుకుంటాండ్రు?" అన్నాడు. కొట్లాడుకోవడం లేదు సార్, మాట్లాడుకుంటున్నారు అని చెప్పాను. మరమగ్గాల షెడ్లలో పొద్దంతా ఆ చప్పుడులో ఉండి వచ్చినవాళ్లు ఇంట్లో కూడా అరిచే మాట్లాడతారు. మాకది మామూలే. సార్ గుమ్మంలోనే గడియారానికి కీ ఇవ్వడం మొదలుపెట్టాడు. అంతే, ఆ ఏడు మా ప్రాజెక్టు తేలిపోయింది. మగ్గాల చప్పుడుకు చెవులు ఏమవుతున్నాయో చూడాలి.

పరికరాలు కొనే స్తోమత ఎక్కడిది. సార్ గడియారమే పరికరం. మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి, కళ్లకు తువ్వాలు కట్టి, గడియారాన్ని దూరం నుంచి మెల్లగా చెవి దగ్గరికి తేవడం. టిక్ టిక్ ఎక్కడ వినపడిందో అక్కడ చెప్పాలి. శ్రీలత నేల మీద టేపు పరిచి గుర్తు పెడుతుంది. ఇదంతా విని నేను నా పని చేశాను. వినపడకపోయినా వినపడిందని చెప్తే ఎట్లా పట్టుకుంటాం అని అడిగాను. సార్ నిలబడిపోయాడు. నువ్వే చెప్పమన్నాడు. ముందు గడియారం ఆపేసి తెచ్చి చూడాలి, తర్వాత నడిపి తేవాలి అన్నాను. ఆ గడియారం కీ బయటికి లాగితే ముల్లూ టిక్ టిక్ రెండూ ఆగిపోయేవి. సార్ బయటికి పోయి గ్రౌండు చుట్టూ ఒక చుట్టు తిరిగొచ్చి, తన సగం తాగిన చాయ్ గ్లాసు నా చేతిలో పెట్టి తాగమన్నాడు. ఆయన దగ్గర అంతకంటే పెద్ద బహుమానం లేదు.

మా నాయిన ఒక షెడ్డులో నాలుగు మరమగ్గాలు చూసుకునేవాడు. నాలుగింటినీ ఒకేసారి కళ్లతో చూడలేరు, చెవులతో చూస్తారు. ఒక మగ్గం దగ్గర వంగి ఉన్నా, వీపు వెనక మగ్గం చప్పుడు మారిందంటే పోగు తెగిందని పసిగట్టి తిరగాలి. వినికిడి తగ్గిందని షెడ్డు యజమాని సేటుకు తెలిస్తే ఆ మనిషిని మగ్గాల మీద నుంచి తీసేసి దారం కండెలు చుట్టడానికి కూర్చోబెడతాడు. అది ఆడవాళ్లు చేసే పని. మగవాడికి అంతకంటే తలవంపు మా వాడలో ఇంకొకటి ఉండేది కాదు. అందుకే వాడంతా అరుచుకుంటున్నా నాకు చెవుడుందని ఒక్కరూ ఒప్పుకునేవారు కాదు.

కరెంటు కోత ఉన్న రోజు చూసుకుని షెడ్డుకు పోయాం. మగ్గాలన్నీ ఆగి ఉన్నాయి. సేటు తలుపుకు ఆనుకుని నిలబడి వేడుక చూస్తున్నాడు. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి ముందు ఆపిన గడియారం, తర్వాత నడిచే గడియారం తెచ్చి చూస్తున్నాం. ఆపుతున్నట్టు ఎవరికీ చెప్పలేదు. ఆపినప్పుడు అందరూ ఏమీ లేదు సారూ అన్నారు. నడిచేది కొందరికి మూరెడు దూరంలో, కొందరికి చెవికి ఆనిస్తే గానీ వినపడలేదు. నేను వెంట తెచ్చిన బోర్డు మీద పేర్లు లేకుండా రాసుకుంటున్నాను. అప్పుడు మా నాయిన ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. ఎవరూ పిలవకుండానే వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

సార్ కీ లాగాడు. ముల్లు ఆగడం నేను చూశాను. గడియారం పట్టుకుని మెల్లగా దగ్గరికి తెచ్చాడు.

"ఆఁ, వినవడ్తాంది సారూ" అన్నాడు నాయిన.

సార్ చెయ్యి ఆగింది. ఇంకొంచెం ముందుకు జరిపాడు.

"ఇప్పుడింక మంచిగ వినవడ్తాంది."

శ్రీలత నావైపు చూసింది. నా చేతిలో చాక్‌పీసు విరిగింది. సార్ ఒక్క క్షణం సేటు వంక చూసి, నా వంక చూసి, సరే అన్నా, అయిపోయింది, లే అని చెప్పి తర్వాతి మనిషిని పిలిచాడు. నాయిన తువ్వాలు విప్పుకుని, నన్ను చూసి నవ్వాడు. సేటును బురిడీ కొట్టించానని నవ్వుతున్నాడనుకున్నాను. నాకు ఏడుపొచ్చింది. మా నాయినకు చెవుడు. దాన్ని దాచుకోవడానికి నలుగురిలో అబద్ధమాడాడు. ఆ అబద్ధాన్ని పట్టే ఉపాయం చెప్పింది, వాళ్లూ వీళ్లూ కాదు, నేనే.

జిల్లా ఫెయిర్ రోజు మా స్టాలు ముందుకు ఒక జడ్జి వచ్చాడు. కాలేజీలో లెక్చరర్. మా మాట పూర్తిగా విన్న మొదటి జడ్జి ఆయనే. శ్రీలత చూపించింది, రమేశ్ చెప్పాడు, నేను లోపాలు చెప్పాను. ఆపిన గడియారం సంగతి చెప్పేసరికి ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. బోర్డు చూపిస్తూ, ఆపినప్పుడు విన్నానన్న మనిషి ఒకరున్నట్టున్నారే, అదే మీ ప్రయోగంలో అసలైన ముక్క, ఆ మనిషి ఎవరు, ఎన్నేళ్ల నుంచి పని చేస్తున్నారు, చెవులు పోయాయని ఎందుకు ఒప్పుకోలేదు అని అడిగాడు. షెడ్డు ఇచ్చినందుకు సేటును కూడా ఫెయిర్‌కు పిలిచారు. ఆయన జడ్జి భుజం వెనకే నిలబడి ఉన్నాడు. సేటు పక్కన, మళ్లీ అదే ఉతికిన చొక్కాలో, మా నాయిన.

ఫస్టు ప్రైజు మా చేతికి వచ్చేసినట్టే ఉంది. పేరు చెప్తే చాలు. చెప్తే రేపటి నుంచి నాయిన కండెల దగ్గర కూర్చుంటాడు. చెప్పకపోతే నేను మూడో మనిషినే కాదు. స్టాలు దగ్గర ఎప్పుడూ నోరు విప్పని సార్, ఎక్కడో దూరంగా తిరుగుతుండేవాడు, ఆ రోజు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు.

"అది లెక్కల పట్టుకోకుండ్రి సార్. నా గడియారం మొరాయిస్తది. కీ లూజు. ఆ మనిషికి పెట్టినప్పుడు దానంతట అదే నడిచింది. నేను చూసుకోలే."

లెక్చరర్ మొహం మాడిపోయింది. మీ పరికరమే నమ్మదగ్గది కానప్పుడు మొత్తం ప్రయోగం ఏమైనట్టు అన్నాడు.

"ఏం కానట్టే" అన్నాడు సార్.

మాకు ఏ బహుమతీ రాలేదు. నాకు ఉపకారం చేశాడని అప్పుడు తోచనే లేదు. తల కొట్టేసినట్టయింది. పొద్దున లేస్తే రుజువు, ఆధారం అని మా ప్రాణం తీసే మనిషి అంత అబద్ధం అంత తేలిగ్గా ఎట్లా ఆడతాడు? గ్రౌండులో ఆయన వెంటపడి మీరు అబద్ధం చెప్పారని అరిచాను. ఎవలు చెప్పిండ్రు అన్నాడు అలవాటుగా. నేనే చెప్తున్నా, కీ లూజు లేదు అన్నాను. ఆయన అటు తిరిగి కీ ఇచ్చుకుంటూ, రేపు మీ నాయిన దగ్గరికి వస్త అన్నాడు.

వచ్చాడు, చేతిలో ఒక దూది చుట్టతో. నాకేమైంది సారూ, మంచిగనే వినవడ్తాంది అన్నాడు నాయిన. వినవడ్తలేదని నేనన్ననా, ఉన్నది కాపాడుకో, షెడ్డుల చెవుల్ల దూది పెట్టుకో అన్నాడు సార్. నాయిన అట్లనే సారూ అని తలూపాడు, పెట్టుకోలేదు. షెడ్డులో దూది పెట్టుకుంటే నవ్వుతారు. సార్ మళ్లీ వారం వచ్చాడు, ఆ పై వారం వచ్చాడు. ఒకరోజు తనే రెండు చెవుల్లో బయటికి వేలాడేంత దూది కుక్కుకుని నడుస్తున్న మగ్గాల మధ్య అటూ ఇటూ పచార్లు చేశాడు. కండెలు చుట్టే ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు. ఈ మనిషి పీడ ఎట్లా వదిలించుకోవాలో తెలియక నాయిన చివరికి దూది పెట్టుకున్నాడు. తర్వాత అది అలవాటైపోయింది. ఆ షెడ్డు మూతపడేదాకా పెట్టుకున్నాడు.

నాకు మాత్రం ఆ రోజు నుంచి మా నాయిన చెవిటివాడు. గుమ్మం నుంచే అరుస్తూ ఇంట్లోకి వచ్చేదాన్ని. అరిస్తే ఆయన మొహం చిట్లించి తల పక్కకు తిప్పేవాడు. సరిగా అందడం లేదు పాపం అనుకుని ఇంకా గట్టిగా అరిచేదాన్ని. పెళ్లయి హన్మకొండ వచ్చాక ఫోన్లో అరిచాను. మా పిల్లలకు కూడా, తాతతో గట్టిగా మాట్లాడండి, ఆయనకు వినపడదు అని నేర్పాను. ఆయన మొదటి నుంచీ మితభాషి. అవునంటే తలూపడం, కాదంటే ఊరుకోవడం.

ఈ ఎండాకాలంలో సార్ భార్య నెక్కొండ నుంచి ఫోన్ చేసింది. ఆయన నిన్ను రమ్మంటాండు బిడ్డా, పండుకోడు, మమ్ముల పండుకోనియ్యడు అంది. పోయాను. జబ్బు చేసి కాళ్లు పడిపోయాయి. ఆ మనిషిని మంచం మీద చూడటం నా వల్ల కాలేదు. కాళ్ల కదలికంతా చేతుల్లోకి వచ్చినట్టు దుప్పటి లాగుతూ, వదులుతూ, గడియారానికి కీ ఇచ్చుకుంటూ ఉన్నాడు. కిటికీలో సగం తాగిన చాయ్ గ్లాసు. నేను ఎట్లా ఉన్నానని అడగలేదు. కూర్చోమని కూడా అనలేదు.

"మీ నాయినకు నడిచే గడియారం పెట్టినమా?"

ఏ గడియారమో నాకు చప్పున అందలేదు. ఆయన విసుక్కున్నాడు. షెడ్డుల అందరికి రెండుసార్లు పెట్టినం గదనే, ఒకసారి ఆపి, ఒకసారి నడిపి అన్నాడు. స్టూలు, తువ్వాలు, చేతిలో విరిగిన చాక్‌పీసు అన్నీ గుర్తొచ్చాయి. లేదు సార్, ఆపిందే పెట్టినం, మీరు లెమ్మన్నరు అన్నాను.

"మరి ఆయనకు చెవుడని ఎవలు చెప్పిండ్రు?"

ఆగిన గడియారాన్ని విన్నానన్నాడు గదా సార్ అన్నాను.

"అంటే లేనిది ఉన్నదని చెప్పిండని తేలింది. ఉన్నది వినవడదని ఏడ తేలింది? నేను కంగారుల లేపిన. నువ్వు ఎదురు మాట్లాడేదానివి, నువ్వన్న అడగకపోతివి."

ఆయనకు నిజంగానే కోపం వచ్చింది. నా మీదా, తన మీదా. ఇన్నాళ్ల తర్వాత మంచంలో పడుకుని ఎవరికీ పట్టని ఒక స్కూలు ప్రాజెక్టులో తప్పు పట్టుకుని నిద్ర చెడగొట్టుకుంటున్నాడు. పోయి పెట్టి చూడు, నాకొచ్చి చెప్పు అన్నాడు. సరే సార్ అన్నాను.

పోలేదు. మా బడి తెరిచారు, పని ఎక్కువైంది అని చెప్పుకున్నాను గానీ కారణం అది కాదు. భయం. వినపడకపోతే పాత బాధే, అలవాటైంది. వినపడితే? అప్పుడు నాయిన ఎందుకు అట్లా అన్నాడు? ఇన్నేళ్లూ నేను అరుస్తూ వచ్చింది ఎవరి మీద? వానలు పట్టాయి. ఒకరోజు నెక్కొండ నుంచి ఫోన్ వచ్చింది. నేను పోయేసరికి సార్‌ను బయట టార్పాలిన్ కింద పడుకోబెట్టారు. అంత కదలకుండా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. వచ్చి చెప్తానన్న జవాబు చెప్పకుండానే వచ్చాను. ఆ మాట తలచుకుంటూ ఏడ్చాను.

అక్కడి నుంచి ఇంటికి పోకుండా నేరుగా కాశిబుగ్గ పోయాను. నాయిన వసారాలో అటు తిరిగి కూర్చుని చిక్కుడుకాయలు తుంపుతున్నాడు. పక్కన చేటలో గింజలు. మామూలుగా అయితే గేటు దగ్గరి నుంచే కేకలేసేదాన్ని. ఆ రోజు చెప్పులు బయటే విప్పి, చప్పుడు కాకుండా వచ్చి ఆయన వెనక నిలబడ్డాను. పక్కన కూర్చున్న మనిషికి చెప్పినంత మెల్లగా చెప్పాను.

"నాయినా, సార్ పోయిండు."

ఆయన చిక్కుడుకాయ తుంపాడు. ఇంకొకటి తీసుకున్నాడు. వినపడలేదు, మేము అనుకున్నదే నిజం, నా గుండె కొంచెం కుదుటపడింది కూడా. అంతలో ఆయన చేతులు ఆగాయి.

"ఎప్పుడు బిడ్డా?" అన్నాడు, వెనక్కి తిరగకుండానే.

నేను అక్కడే గడప మీద కూర్చున్నాను. పొద్దున అని చెప్పాను, అంతే మెల్లగా. ఆయన తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత అడిగాను. ఆ రోజు షెడ్డులో గడియారం ఆగి ఉంది, వినవడ్తాందని ఎందుకు చెప్పినవ్ అని అడిగాను.

"ఆగి ఉండెనా?" అన్నాడు ఆశ్చర్యంగా. "నాకేం తెల్సు. నీ పరీక్ష గదా. వినవడ్తలేదంటే నువ్వు ఫేల్ అయితవేమో అనుకున్న."

ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి నాకు. మరి ఇన్నేండ్ల సంది నేను చెవుల దగ్గర మొత్తుకుంటుంటే మంచిగ వినవడ్తాందని ఒక్కమాట చెప్పొద్దా అన్నాను. అది మాత్రం మెల్లగా అనలేకపోయాను. వాడంతా వినపడేట్టు అన్నాను.

నాయిన మొహం చిట్లించి తల పక్కకు తిప్పాడు. చేట దగ్గరికి లాక్కుని చిక్కుడుకాయ అందుకున్నాడు.

"ఎదురు మాట్లాడే పిల్లవు" అన్నాడు. "నీకెవలు చెప్తరు?"